మూత్రపిండానికి సామెత లేదు

మన భాష శరీరంలోని అవయవాలన్నిటికీ ఒకే రకంగా మర్యాద చెయ్యలేదు. గుండెకు చేసినంత మర్యాద మరి దేనికీ చెయ్యలేదు. ధైర్యం వుంటే గుండె నిబ్బరం, దుఃఖం వస్తే గుండె చెరువు, జాలి కలిగితే గుండె కరగటం, మనిషి ఘటికుడైతే గుండెలు తీసిన బంటు. గుండె తరువాత కడుపు. కడుపు తీపి, కడుపు మంట, కడుపులో చల్ల కదలకుండా కూచోవటం. పేగుకు బంధం వుంది, నెత్తురుకు వుడుకు వుంది, నాలుకకు నరం లేదన్న అపవాదు వుంది. యిరవై యేళ్లుగా తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న దాన్ని కనక, ఒక ఆదివారం తీరిగ్గా కూచుని మూత్రపిండం కోసం వెతికాను. ఒక్క సామెత దొరకలేదు. ఒక్క జాతీయమూ తగల్లేదు. సంస్కృతంలో వృక్కమన్నారు గాని, ఆ మాట వైద్య గ్రంథాలు దాటి వీధిలోకి రాలేదు. వీధిలో అందరూ కిడ్నీ అనే అంటారు.

ఎందుకిలా జరిగిందంటే, ఆ అవయవానికి చప్పుడు లేదు. గుండె కొట్టుకుంటుంది, కడుపు అరుస్తుంది, మోకాలు సలుపుతుంది. మూత్రపిండం మాత్రం ముప్పాతిక వంతు పాడైపోయినా నోరెత్తదు. యింట్లో కొందరు పెద్దవాళ్లు కూడా అలాగే వుంటారు. అంచేత యీ వారం ఆ యిద్దరి సంగతి కలిపి మాట్లాడుకుందాం. మూత్రపిండాలు నెమ్మది నెమ్మదిగా చచ్చుబడుతున్న ముసలివాళ్లను యింట్లో పెట్టుకుని చూసుకోవటం యెట్లాగన్నది విషయం.

కృష్ణా డెల్టా వాళ్లకు మూత్రపిండం పని చెప్పటం చాలా తేలిక. మనకు కాలవలు తెలుసు, లాకులు తెలుసు, లాకుల దగ్గర లస్కరు తెలుసు. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. దానికి వందేళ్ల ముందే, 1855 నాటికే, పాత ఆనకట్ట వుంది. పైరుకు నీళ్లు పెట్టటం యెంత ముఖ్యమో, పొలంలోంచి మురుగు దిగటం అంత ముఖ్యమని యీ ప్రాంతంలో పలక పట్టని పాలేరుకు కూడా తెలుసు. మురుగు కాలవ పూడుకుపోతే, కాలవ నిండా కృష్ణమ్మ పారుతున్నా చేను కుళ్లుతుంది.

మన వంట్లో ఆ లస్కరు పని చేసేవి యీ రెండు పిండాలు. ఒక్కొక్కటి పిడికెడంత. ఒక్కొక్క దాంట్లో సుమారు 10 లక్షల సన్నని వడపోత గొట్టాలు. రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, పనికివచ్చే దాన్నంతా మళ్లీ నెత్తురుకే అప్పగించి, లీటరో లీటరున్నరో మాత్రం బయటికి పంపిస్తాయి. అంతటితో వూరుకోవు. రక్తపు పోటును అదుపులో పెట్టటం, కొత్త నెత్తురు తయారు చెయ్యమని ఎముకల మూలుగుకు కబురు చెయ్యటం, 'డి' విటమినును పనిలోకి దింపి ఎముకలను కాపాడటం కూడా వాటి బాధ్యతే. అందుకనే అవి చెడినప్పుడు మనిషికి నెత్తురు తగ్గుతుంది, పోటు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. వీటికి శత్రువుల్లో మొదటివి రెండు: మధుమేహం, రక్తపు పోటు.

మా వీధిలో ఒక యింట్లో అత్తాకోడళ్లకు మూడు నెలలు మాటలు లేవు. అత్తగారికి 76 యేళ్లు. ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇదేం పప్పే, ఇనప గరిటె నాకినట్టుంది" అనేవారు. కోడలు వుప్పు మార్చింది, పప్పు మార్చింది, గిన్నె మార్చింది. చివరికి ముఖం మార్చింది. ఆవిడ రాత్రి నాలుగైదుసార్లు లేస్తూంటే "నిద్ర పట్టక నన్ను సాధిస్తున్నారు" అనుకున్నది. సాయంత్రానికి పాదాలు వుబ్బుతూంటే "రోజంతా కాళ్లు వేలాడేసుకుని టీవీ ముందు కూచుంటే వుబ్బవూ?" అన్నది. వీపు దురద అంటే సబ్బు మార్చారు. తీరా ఒకరోజు మనిషి మత్తుగా పడివుంటే ఆసుపత్రికి తీసుకుపోయి నెత్తురు పరీక్ష చేయించారు. ఆ మత్తు, ఆ దురద, ఆ వాపు, ఆ ఇనప రుచి అన్నీ ఒకే కొమ్మ కాయలని అప్పుడు తేలింది. వడగట్టవలసిన విషం వడగట్టక నెత్తుర్లో మిగిలిపోతే నాలుకకు రుచి మారుతుంది. తప్పు వంటదీ కాదు, కోడలిదీ కాదు.

"వయసైంది గదా" అన్న మాట యింట్లో యెక్కువగా వినబడుతూంటే కాస్త అనుమానించండి. ఆకలి తగ్గటం, ఆయాసం, నీరసం, దురద, రాత్రి మాటిమాటికి లేవటం, మాట తడబడటం, వీటన్నిటినీ వయసు పద్దులో రాసేస్తే జబ్బు పద్దు ఖాళీగా కనిపిస్తుంది.

పరీక్ష కాగితం చదవటంలో ఒక చిక్కు వుంది. అందరూ క్రియాటినిన్ అంకె ఒక్కటే చూస్తారు. ఆ పదార్థం కండలోంచి పుడుతుంది. కండ కరిగిపోయిన ముసలి మనిషిలో అది తక్కువే పుడుతుంది కనక, పిండాలు చెడిపోయినా అంకె పెద్దగా కనిపించదు. పాతికేళ్ల కుర్రవాడికి 1.4 అంటే వడపోత సుమారు 70 వంతున వుందన్న మాట. అదే 1.4 ఎనభై యేళ్ల అవ్వకు వస్తే 40కి లోపు. అవ్వ మరీ బక్కపలచగా వుంటే అసలు సంగతి అంతకన్నా తక్కువే కావచ్చు. అందుకని "ఈజీఎఫ్ఆర్ యెంత?" అని అడగండి. అది మూడు నెలలకు పైగా 60కి తక్కువ వుంటే జబ్బు వున్నట్టు. 15కు తక్కువైతే చివరి మెట్టు. మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నదేమో కూడా చూడమనండి. అనుమానం తీరకపోతే, కండతో అంత సంబంధం లేని సిస్టాటిన్-సి అనే పరీక్ష ఒకటి వుంది.

ఇక వంటిల్లు. ఆంధ్ర దేశంలో యే జబ్బయినా చివరికి వంటింటి గుమ్మం దగ్గరే ఆగుతుంది. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు వుప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక చిన్న చెంచాడు. ఆవకాయ, మాగాయ, వూరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు వున్న యింట్లో ఆ చెంచా పొద్దుటి ఫలహారం పూర్తయ్యేసరికే ఖర్చయిపోతుంది. వుప్పు తగ్గిస్తే పోటు తగ్గుతుంది, వాపు తగ్గుతుంది, దాహమూ తగ్గుతుంది. కాని "తక్కువ సోడియం వుప్పు" అని డబ్బాల్లో అమ్మేదాన్ని మాత్రం డాక్టరును అడగకుండా తేవద్దు. అందులో చాలావాటిలో సోడియం బదులు పొటాషియం వుంటుంది. జబ్బు ముదిరినవాళ్లకు పొటాషియం బయటికి పోదు. మితిమీరితే గుండె ఆగిపోతుంది.

మన వూళ్లల్లో రోగిని చూడటానికి వట్టి చేతుల్తో వెళ్లరు. కొబ్బరి బొండాలు, బత్తాయిలు, అరటిపళ్లు పట్టుకువెళతారు. ప్రేమ కొద్దీ తెచ్చినవే. కాని నెత్తుర్లో పొటాషియం యెక్కువున్న మనిషికి ఆ సంచీ ప్రమాదం. మీరు చూడబోయే పెద్దాయనకు కిడ్నీ జబ్బని తెలిస్తే, ఆయనకు యిష్టమైన పత్రిక పట్టుకువెళ్లండి. పండే తేవాలనిపిస్తే రెండు ఆపిల్ పళ్లు చాలు. కూరముక్కల్ని సన్నగా తరిగి, యెక్కువ నీళ్లలో వుడికించి, గంజి వార్చినట్టు ఆ నీళ్లు వార్చి పారబోస్తే పొటాషియం కొంత దిగిపోతుంది.

అయితే దీనికి రెండో వైపు కూడా వుంది. ఒక్కొక్క యింట్లో జబ్బు పేరు తెలిసిన మరునాటి నుంచీ నిషేధాల జాబితా మొదలవుతుంది. పప్పు వద్దు, పెరుగు వద్దు, గుడ్డు వద్దు, టమాటా వద్దు, చింతపండు వద్దు. పక్కింటివారు రెండు కలుపుతారు, ఫోనులో వచ్చిన సందేశం నాలుగు కలుపుతుంది. ఆఖరికి పెద్దమనిషి విస్తట్లో మిగిలేది వుప్పులేని గంజన్నం. ఆరు నెలల్లో ఆయన కిడ్నీ కన్నా ముందు ఆయన కండ పోతుంది, కాలు తడబడుతుంది, పడితే తుంటి విరుగుతుంది. పడుచువాళ్లకు మాంసకృత్తులు తగ్గించి పిండాలకు శ్రమ తప్పించటం ఒక పద్ధతే. కాని బక్కచిక్కిన వృద్ధులకు మాంసకృత్తులు, తిండి మరికాస్త యెక్కువే కావలసి రావచ్చునని 2024లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శక సూత్రాలు కూడా చెబుతున్నాయి. నెత్తురు పరీక్షలో యెక్కువని తేలిన వస్తువునే తగ్గించండి. మిగిలినవి తిననివ్వండి.

నీళ్ల సంగతీ అంతే. "బాగా నీళ్లు తాగితే కిడ్నీలు కడిగినట్టవుతాయి" అని నమ్మేవాళ్లు వీధికి పదిమంది వుంటారు. కాళ్లు వుబ్బి ఆయాసం వచ్చేవాళ్లకు బలవంతాన నీళ్లు తాగిస్తే అవి వూపిరితిత్తులకు చేరతాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నవాళ్లకు నీళ్లు తగ్గిస్తే వున్న పిండాలూ యెండిపోతాయి. యెవరికి యెంత అన్నది డాక్టరు చెప్పాలి. రోజూ పొద్దున్నే ఒకే వేళ బరువు చూసి రాసిపెట్టుకుంటే, రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగినప్పుడు అది కండ కాదు నీరేనని మీకే తెలుస్తుంది.

మందుల దగ్గర ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ముసలితనంలో మోకాళ్ల నొప్పి లేని యిల్లు లేదు. మందుల షాపుకు మనవణ్ణి పంపి నొప్పి బిళ్లలు తెప్పించుకుని, బఠానీలు నమిలినట్టు వేసుకునే తాతలు నాకు బాగా తెలుసు. ఆ బిళ్లల్లో చాలావాటికి పిండాలకు నెత్తురు తగ్గించే గుణం వుంది. పసర్లు, భస్మాలు పేరుతో వచ్చే కొన్నిటిలో లోహాలుంటాయి. నొప్పికి యేమి వేసుకోవచ్చో కిడ్నీ డాక్టరునే అడగండి. మరొకటి: పిండాలు మందగించినకొద్దీ ఇన్సులిన్ వంట్లో యెక్కువసేపు నిలుస్తుంది. చక్కెర దానంతటదే తగ్గుతున్నదని సంతోషించేలోగా, తెల్లవారుజామున చెమటలు పట్టి మనిషి స్పృహ తప్పుతాడు. మందుల మోతాదు తగ్గించవలసిన వేళ అది.

రాత్రిపూట పడకగది నుంచి స్నానాలగదిదాకా ఒక చిన్న దీపం వెలుగుతూ వుండాలి. నేల తడిగా వుండకూడదు. లోపల గడియ పెట్టుకోవద్దని చెప్పాలి. ఇందులో ఖర్చేమీ లేదు. తుంటి ఎముక ఆపరేషను ఖర్చుతో పోలిస్తే అసలే లేదు.

ఇదంతా పట్నవాసపు ముసలితనం. వయసు మీదపడకుండానే యీ జబ్బు మీదపడిన వూళ్లు మన పక్కనే వున్నాయి. విజయవాడ ముఖ్యపట్టణంగా వున్న ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం వుంది. అక్కడి లంబాడీ తండాల్లో పొలం పని చేసుకునే నడివయసు మనుషులకు కిడ్నీలు చెడుతున్నాయి. ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు, కొబ్బరితోటల మధ్య దశాబ్దాలుగా యిదే కథ. మధుమేహమూ పోటూ లేనివాళ్లకు కూడా వస్తున్నది. నీటిమీద అనుమానాలున్నాయి, యెండలో శ్రమమీద అనుమానాలున్నాయి. కారణం యిదీ అని యింకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఉద్దానానికి నదీజలాలు గొట్టాలద్వారా తెచ్చారు. అటువంటి వూళ్లల్లో ముసలివాళ్లను పడుచువాళ్లు చూసుకోవలసింది పోయి, డెబ్బై యేళ్ల తల్లి నలభై యేళ్ల కొడుకును బస్సెక్కించి డయాలిసిస్‌కు తీసుకుపోతుంది. మనం పడుతున్నది కష్టమే. కాని మన కష్టం వరస తప్పలేదు.

డయాలిసిస్ అన్న మాట వచ్చింది కనక దాని పుట్టుక చెబుతాను. 1943లో, యుద్ధం మధ్యలో, హాలండులోని కాంపెన్ అనే చిన్న వూళ్లో విలెం కోల్ఫ్ అనే డాక్టరు మాంసం కూరి అమ్మే సెల్లోఫేన్ గొట్టాలను చెక్క పీపాకు చుట్టి మొదటి యంత్రం చేశాడు. మొదటి రోగులు దాదాపు అందరూ పోయారు. 1945లో ఒకావిడ స్పృహలోకి వచ్చి బతికి బట్టకట్టింది. ఆవిడకు 67 యేళ్లు. కళ్లు తెరిచి మొట్టమొదట అన్న మాట, మొగుడికి విడాకులిస్తానని అట! ఆ తరువాత మరి ఆరేడేళ్లు బతికింది. అంటే ఆ యంత్రం మొట్టమొదట కాపాడింది ఒక ముసలమ్మనే. తీరా 1960 తరువాత అమెరికాలోని సియాటిల్‌లో యంత్రాలు తక్కువై, యెవరిని బతికించాలో నిర్ణయించటానికి ఒక సంఘాన్ని వేశారు. 45 యేళ్లు దాటినవాళ్లను మొదటే పక్కన పెట్టారు.

ఇవాళ మన దగ్గర ఆ పరిస్థితి లేదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, యిప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ కింద డయాలిసిస్ వుచితంగా జరుగుతున్నది. కేంద్రం 2016లో జాతీయ డయాలిసిస్ పథకం పెట్టింది. అర్హులైన రోగులకు ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను యిస్తున్నది. యంత్రం యెవరికి దక్కుతుందన్న ప్రశ్న చాలావరకు తీరింది. దాని స్థానంలో మరో ప్రశ్న వచ్చింది. ఈ యంత్రం యీ పెద్దమనిషికి మేలు చేస్తుందా?

మా పెదనాన్నగారు దివిసీమలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 82 యేళ్ల వయసు, ముప్పై యేళ్ల మధుమేహం, అంతకు ముందే గుండెకు ఆపరేషను. వడపోత 11కు దిగింది. అమెరికాలోని కొడుకు ఫోనులో "వెంటనే మొదలుపెట్టించండి, డబ్బు సంగతి నేను చూసుకుంటాను, నాన్నకు మాత్రం యేమీ చెప్పకండి" అన్నాడు. అదృష్టవశాత్తు ఆ డాక్టరు తలుపు వేసుకుని మాట్లాడే మనిషి కాదు. పెదనాన్నగారికి యెదురుగా కుర్చీ వేసుకుని కూచుని, "మాస్టారూ, మీకు రోజు యెలా గడిస్తే బాగా గడిచినట్టు?" అని అడిగాడు.

పెదనాన్నగారు కాస్సేపు ఆలోచించారు. "పొద్దున్నే కాలవగట్టు మీద కాసేపు కూచోవాలి. పేపరు చదవాలి. మా ఆవిడ చేతి మజ్జిగ తాగాలి. మాఘమాసంలో మనవరాలి పెళ్లి వుంది, అక్షింతలు వెయ్యాలి" అన్నారు.

డాక్టరు అబద్ధం చెప్పలేదు. వారానికి మూడుసార్లు, సారికి 4 గంటలు అన్నాడు. చేతిలో నరం కలిపి ఫిస్టులా చెయ్యాలన్నాడు. గుండె బలహీనం కనక పోటు పడిపోవచ్చునన్నాడు. చేయిస్తే యెక్కువ కాలం వుండవచ్చు, వుండకపోవచ్చు. చేయించకపోయినా మందులతో ఆయాసం, వాపు, దురద, రక్తహీనత చూసుకుంటానని, వదిలెయ్యనని చెప్పాడు. పెదనాన్నగారు నాలుగు రోజులు లెక్క వేశారు. అయిదోరోజు నాతో అన్నారు: "వారానికి యేడు రోజులమ్మాయీ. మూడు రోజులు మిషనుకు. మూడు రోజులు ఆ నీరసానికి. నాకు మిగిలేది ఒకటి. ఒకటి కోసం ఆరు ఖర్చు పెట్టటం యే లెక్కల్లోనూ లేదు." కొడుకు మళ్లీ డబ్బు మాట యెత్తితే, "డబ్బు సంగతి కాదురా, రోజుల సంగతి" అన్నారు.

పధ్నాలుగు నెలలు వున్నారు. పెళ్లికి కుర్చీలో తీసుకువెళ్లాం; అక్షింతలు వేశారు. చివరి రెండు నెలలూ సుఖంగా గడిచాయని నేను చెప్పను. రాత్రిళ్లు ఆయాసం వచ్చేది, పెద్దమ్మ ఆయన వీపుకు తన భుజం ఆనించి కూచునేది. డాక్టరు దానికి మందిచ్చాడు, మందు పనిచేసింది. తన మంచం మీదే పోయారు.

ఇది చదివి ముసలివాళ్లకు డయాలిసిస్ దండగని యెవరూ తీర్పు చెప్పవద్దు. ఇనప రుచి అన్న మా వీధి అత్తగారు యిప్పటికి మూడేళ్లుగా డయాలిసిస్ చేయించుకుంటున్నారు. గుండె గట్టిది, నడక వుంది. కేంద్రంలో ఆవిడకు నలుగురు స్నేహితురాళ్లు. ఒకరోజు వెళ్లటం ఆలస్యమైతే వాళ్లు ఫోను చేస్తారు. వంట రుచి తిరిగి వచ్చింది కనక కోడలికి వంకలు పెట్టటం కూడా యథాప్రకారం సాగుతున్నది.

యిద్దరికీ తేడా వయసులో లేదు, వంట్లో మిగిలిన శక్తిలో వుంది. 2009లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశీలనలో, వృద్ధుల సంరక్షణాలయాల్లో వుంటూ డయాలిసిస్ మొదలుపెట్టిన 3,702 మందిని చూశారు. యేడాది తిరిగేసరికి నూటికి 58 మంది పోయారు. మొదట్లో వున్న పాటి శక్తి నిలుపుకున్నవాళ్లు నూటికి 13 మంది. 2007లో ఇంగ్లండు నుంచి వచ్చిన మరొక పరిశీలనలో, 75 దాటినవాళ్లలో డయాలిసిస్ చేయించుకున్నవాళ్లు మొత్తం మీద యెక్కువ కాలం బతికారు. కాని గుండెజబ్బు వంటివి తోడై వున్నవాళ్లలో ఆ లాభం దాదాపు కనిపించలేదు. తేల్చుకోలేనివాళ్లకు మధ్యేమార్గం ఒకటి వుంది. నెలో రెండు నెలలో గడువు పెట్టుకుని మొదలుపెట్టి, గడువు నాటికి పెద్దాయనకు యెలా వుందో ఆయన్నే అడిగి, సాగించటమో మానటమో నిర్ణయించుకోవచ్చు. మానటమంటే చంపటం కాదని కుటుంబమంతా ముందే మాట్లాడుకుని వుండాలి.

మన యిళ్లల్లో అందరూ మాట్లాడతారు, జబ్బుపడ్డ మనిషి తప్ప. "ఆయన తట్టుకోలేరు" అంటాం. పదిమంది పిల్లల్ని కని, ముగ్గుర్ని పోగొట్టుకుని, 1977 ఉప్పెనలో యిల్లు కొట్టుకుపోతే మళ్లీ కట్టుకున్న దివిసీమ మనిషి ఒక డాక్టరు మాటకు తట్టుకోలేడా? తట్టుకోలేనిది సాధారణంగా మనమే.

చూసుకునేవాళ్ల సంగతి చెప్పకపోతే యీ వ్యాసం సగమే. చూసుకునేది యెక్కువ యిళ్లల్లో భార్యో, కోడలో. పెద్దమ్మకు 75 యేళ్లు. పెదనాన్నగారి బిళ్లలన్నీ వేళకు యిచ్చి, తన పోటు బిళ్ల మరిచిపోయేది. డబ్బు పంపే కొడుకు, రోజూ ఫోను చేసే కూతురు మంచివాళ్లే. కాని ఆవిడకు కావలసింది నెలకు నాలుగు రాత్రుల నిద్ర. ఆ నాలుగు రాత్రులు యెవరు కూచుంటారో వంతులు రాసుకోండి. మందుల పేర్లు, మోతాదులు, చివరి పరీక్షల అంకెలు, డాక్టరు ఫోను నంబరు ఒక పుస్తకంలో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు యిళ్లు రోజుల తరబడి నీళ్లలో వున్నాయి. డయాలిసిస్ మనిషి వున్న యింట్లో, మన కేంద్రానికి దారి మూసుకుపోతే రెండో కేంద్రం యేదో ముందే అడిగి తెలుసుకుని వుండాలి. ఫిస్టులా వున్న చేతికి పోటు చూడనివ్వద్దు, సూది గుచ్చనివ్వద్దు. అది వచ్చిపోయే ప్రతి నర్సుకూ చెప్పవలసిన మాట.

అన్నిటికన్నా ముందు చెయ్యవలసింది, ఖర్చు లేనిదీ, ఆ డాక్టరు వేసిన ప్రశ్న. పత్రిక పక్కన పెట్టి, మీ యింట్లో పెద్దవారి దగ్గరకు వెళ్లి కూచోండి. జబ్బు వున్నా లేకపోయినా సరే. "మీకు రోజు యెలా గడిస్తే బాగా గడిచినట్టు?" అని అడగండి. చెవుడు వుంటే గట్టిగా అడగండి. జవాబు వెంటనే రాకపోతే తొందరపెట్టకండి. లెక్కల మాస్టారుకే నాలుగు రోజులు పట్టింది.